పిల్లల రక్తంలో ఇన్ఫెక్షన్‌ను ల్యాబ్‌లో నిర్ధారించడం: రక్తం తీయడం నుంచి తుది రిపోర్టు వరకు సమగ్ర మార్గదర్శి

పసిబిడ్డ పాలు తాగడం మానేసి, ఒళ్లు చల్లబడి, ఊపిరి వేగంగా తీస్తుంటే రక్తంలో ఇన్ఫెక్షన్ చేరిందేమోనని అనుమానించవచ్చు గానీ, దానికి కారణం క్లెబ్సియెల్లానా, స్టాఫిలోకాకసా, కాండిడా అనే ఫంగసా అన్నది లక్షణాలను బట్టి చెప్పడం ఎంత అనుభవం ఉన్న వైద్యుడికైనా సాధ్యం కాదు. ఆ సంగతి తేల్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో పోసి అందులోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష. కొత్త యంత్రాలూ, జన్యు పరీక్షలూ ఎన్ని వచ్చినా పిల్లల విషయంలో ఈ పరీక్షే ఇప్పటికీ ప్రామాణికం. దీని ఫలితం యంత్రం కంటే ఎక్కువగా వార్డులో రక్తం తీసే చేతి మీద ఆధారపడి ఉంటుంది. సీసాలోకి చేరని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో ఎవరూ పెంచలేరు. అందుకే జిల్లా ఆసుపత్రుల్లో, వైద్య కళాశాలల్లో పనిచేసే ల్యాబ్ టెక్నీషియన్లు, స్టాఫ్ నర్సులు, హౌస్ సర్జన్లను దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ మార్గదర్శిలో రక్తం సేకరణకే ఎక్కువ చోటు కేటాయించాను.

మొదటి అడుగు: ఎంత రక్తం తీయాలో ముందే తేల్చుకోవడం

పిల్లల రక్తంలో బ్యాక్టీరియా బాగా ఎక్కువగా ఉంటుందని, నాలుగు చుక్కలు తీసినా సరిపోతుందని చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకం నిలబడలేదు. ఇన్ఫెక్షన్ ఉన్న పిల్లల్లో గణనీయమైన సంఖ్యలో ఒక మి.లీ. రక్తానికి పదిలోపు, కొందరిలో ఒకటి లేదా అంతకన్నా తక్కువ బ్యాక్టీరియా మాత్రమే ఉంటాయి. సంభావ్యత లెక్క వేసి చూస్తే దీని అర్థం తెలుస్తుంది. మి.లీ.కి సగటున ఒక్క బ్యాక్టీరియా ఉన్న బిడ్డ నుంచి అర మి.లీ. తీస్తే కనీసం ఒక్కటైనా సీసాలో పడే అవకాశం 39 శాతమే. ఒక మి.లీ. తీస్తే అది 63 శాతం, 2 మి.లీ. తీస్తే 86 శాతం, 3 మి.లీ. తీస్తే 95 శాతం అవుతుంది. మిగతా పనంతా లోపం లేకుండా జరిగినా, అర మి.లీ. దగ్గర ఆగిపోతే అలాంటి బిడ్డల్లో సగానికి మించి నెగెటివ్ రిపోర్టుతో వెళ్లిపోతారు.

వయసు కంటే బరువును బట్టి పరిమాణం నిర్ణయించడం మేలు. అమెరికా అంటువ్యాధుల వైద్య సంఘం, సూక్ష్మజీవశాస్త్ర సంఘం కలిసి ఇచ్చిన సూచనల ప్రకారం కిలో లోపు బరువున్న శిశువుకు మొత్తం 2 మి.లీ., 1.1 నుంచి 2 కిలోల వరకు 4 మి.లీ., 2.1 నుంచి 12.7 కిలోల వరకు 6 మి.లీ., 12.8 నుంచి 36.3 కిలోల వరకు 20 మి.లీ. తీయాలి. అంతకు మించిన బరువుంటే పెద్దల లెక్కే వర్తిస్తుంది. కిలో దాటిన పిల్లలందరిలోనూ ఈ మొత్తాన్ని రెండు చోట్ల నుంచి రెండు కల్చర్లుగా పంచి తీయాలని ఆ సూచన. మన ఎస్‌ఎన్‌సీయూల్లో (జబ్బుపడిన నవజాత శిశువుల ప్రత్యేక విభాగాల్లో) నెలలు నిండని శిశువు నుంచి ఇంత రక్తం దొరకడం కష్టమే. అప్పుడు కూడా ఒక మి.లీ. కంటే కిందికి దిగకూడదు.

రక్తం తీస్తే బిడ్డ నీరసించిపోతుందేమోనన్న భయం తల్లిదండ్రులకే కాదు, తీసేవాళ్లకూ ఉంటుంది. నవజాత శిశువు శరీరంలో కిలో బరువుకు సుమారు 80 మి.లీ. రక్తం ఉంటుంది. అంటే 3 కిలోల బిడ్డలో దాదాపు 240 మి.లీ. అందులో 2 మి.లీ. తీయడమంటే ఒక శాతం కూడా కాదు. ఈ లెక్కను తల్లికి నిదానంగా వివరిస్తే ఆమె ఒప్పుకుంటుంది. చాలని రక్తంతో పంపిన కల్చర్ నెగెటివ్ వచ్చాక మళ్లీ గుచ్చడం బిడ్డకు ఇంకా పెద్ద కష్టం.

రెండో అడుగు: సీసా ఎంపిక, సమయం

సీసాలో బ్యాక్టీరియా పెరుగుదలను వాటంతటవే కనిపెట్టే ఆటోమేటెడ్ యంత్రాలు ఉన్నచోట పిల్లల కోసం వేరే సీసాలు ఉంటాయి. బ్యాక్టెక్ పీడ్స్ ప్లస్ సీసాలో 1 నుంచి 3 మి.లీ. రక్తం పోయడం శ్రేష్ఠం, అర మి.లీ. నుంచి 5 మి.లీ. వరకు అది స్వీకరిస్తుంది. బ్యాక్ట్ అలర్ట్ వ్యవస్థలోని పీఎఫ్ ప్లస్ సీసాకు గరిష్ఠం 4 మి.లీ. ఈ సీసాల్లోని రెసిన్ పూసలు రక్తంలో అప్పటికే ఉన్న యాంటీబయాటిక్‌ను కొంత పీల్చుకుంటాయి. రక్తం గడ్డకట్టకుండా కలిపే సోడియం పాలీఅనెథాల్ సల్ఫొనేట్ అనే ఎస్‌పీఎస్ రక్తంలోని సహజ నిరోధక శక్తిని కూడా అణచి బ్యాక్టీరియా పెరగడానికి తోడ్పడుతుంది. కానీ మెనింజోకాకస్ లాంటి కొన్ని బ్యాక్టీరియాలకు అదే అడ్డు కాబట్టి పిల్లల సీసాల్లో దాన్ని తగ్గించి వేస్తారు.

పిల్లల్లో గాలి సోకనిచోట మాత్రమే పెరిగే అనరోబ్స్ అరుదు. ఉన్న కాస్త రక్తాన్నీ రెండు సీసాలకు పంచి రెండింటినీ పాడుచేసుకోవడం కంటే మొత్తం గాలిలో పెరిగేవాటి కోసం ఉండే ఎరోబిక్ సీసాలోనే పోయడం సరైన పని. పేగులు కుళ్లే నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్, కడుపులో చీము, మెడ లోతుల్లో గడ్డ, క్యాన్సర్ చికిత్సతో తెల్లరక్తకణాలు పడిపోవడం వంటి సందర్భాల్లో మాత్రం అనరోబిక్ సీసా కూడా జత చేయాలి.

సమయానికి సంబంధించి నియమం ఒక్కటే. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే రక్తం తీయాలి. ఇప్పటికే మందు నడుస్తుంటే తరువాతి డోసుకు ముందు తీయాలి. అయితే షాక్‌లో, అంటే రక్తప్రసరణ పడిపోయి ఉన్న బిడ్డకు సిర దొరకలేదని కల్చర్ కోసం మందును ఆపి కూర్చోకూడదు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి)పై పనిచేసే సర్వైవింగ్ సెప్సిస్ క్యాంపెయిన్ 2020లో పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం సెప్టిక్ షాక్‌లో గుర్తించిన గంటలోపు, షాక్ లేని సెప్సిస్‌లో 3 గంటలలోపు యాంటీబయాటిక్ మొదలుకావాలి. జ్వరం పతాకస్థాయికి చేరేదాకా ఎదురుచూడాల్సిన అవసరమూ లేదు.

మూడో అడుగు: చర్మం శుభ్రం చేసి రక్తం తీయడం

వార్డులో ఈ వరుసను తప్పకుండా పాటించాలి.

1. సీసాను వెలుగులో చూడండి. గడువు తేదీ దాటినా, ద్రవం మసకబారినా, రబ్బరు మూత ఉబ్బినా, అడుగున ఉన్న సెన్సర్ రంగు ముందే మారి ఉన్నా వాడవద్దు. ఎంత రక్తం పోయాలో లేబుల్ మీద పెన్నుతో గీత గీసుకోండి.

2. సీసా పైమూత తీయగానే రబ్బరు శుభ్రంగానే ఉంటుందని అనుకోవద్దు. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. రబ్బరుపై అయోడిన్ వాడకూడదు.

3. చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, సిర ఎక్కడుందో ముందే తడిమి చూసుకోండి.

4. రెండు నెలలు దాటిన పిల్లలకు 70 శాతం ఆల్కహాల్‌లో కలిపిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్లు చర్మాన్ని రుద్ది, మరో 30 సెకన్లు ఆరనివ్వండి. నెలలు నిండని శిశువుల పలుచని చర్మం ఈ మందుతో కాలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వారికి యూనిట్ ప్రోటోకాల్‌లో ఉన్న మందునే వాడాలి. పొవిడోన్ అయోడిన్ వాడితే కనీసం ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు ఆరనిచ్చి, పని అయ్యాక స్టెరైల్ సెలైన్‌తో పూర్తిగా తుడిచేయాలి. చర్మంలోంచి ఇంకే అయోడిన్ శిశువు థైరాయిడ్‌పై ప్రభావం చూపుతుంది.

5. శుభ్రం చేసిన చోటును మళ్లీ వేలితో తాకవద్దు. చర్మం మీది బ్యాక్టీరియా చేరి కలుషితమైన కల్చర్లకు మూలకారణం చాలాసార్లు ఈ ఒక్క స్పర్శే.

6. సిరంజిలో రక్తం రాగానే మొదట కల్చర్ సీసాలోకి, ఆ తరువాతే సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (వాపును సూచించే ప్రోటీన్) ట్యూబుల్లోకి పోయండి. సీసాలోని వ్యాక్యూమ్ దానంతటదే లాగేసుకుంటుంది కాబట్టి ప్లంజర్‌ను వేలితో పట్టి గీత దగ్గర ఆపండి. సూది మార్చాల్సిన పని లేదు, మార్చబోయి చేతికి గుచ్చుకునే ప్రమాదమే ఎక్కువ.

7. సీసాను నెమ్మదిగా నాలుగైదుసార్లు తలకిందులు చేసి కలపండి.

8. పేరు, ఐపీ నంబరుతో పాటు తీసిన సమయం, ఏ చోటు నుంచి తీశారు, ఎంత తీశారు, బిడ్డ బరువు, అప్పటికే ఇచ్చిన యాంటీబయాటిక్ రాయండి. బార్‌కోడ్ మీద, సీసా అడుగున ఏదీ అతికించకూడదు.

మందుల కోసం సిరలో పెట్టి వాడుకలో ఉన్న కాన్యులా నుంచి రక్తం తీయడం సులువే గానీ, దాని గొట్టంలో చేరిన చర్మపు బ్యాక్టీరియా కల్చర్‌లోకి వచ్చేస్తుంది. అప్పుడే పెట్టిన కొత్త కాన్యులా నుంచి తీసినా నేరుగా సిరను గుచ్చి తీసినదానితో పోలిస్తే కలుషితమయ్యే అవకాశం ఎక్కువే. ఇక సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిర దాకా వెళ్లే గొట్టం) ఉన్న బిడ్డలో ఆ లైనే ఇన్ఫెక్షన్‌కు మూలమా అని తేల్చాలంటే లైన్ నుంచి ఒకటి, సిర నుంచి ఒకటి, రెండింటిలోనూ సమాన పరిమాణంలో, ఒకే సమయంలో తీసి, ల్యాబ్‌లో రెండింటినీ ఒకేసారి యంత్రంలో పెట్టాలి. లైన్ సీసా మరొకదాని కంటే 2 గంటలు లేదా అంతకు మించి ముందుగా పాజిటివ్ అయితే లైన్‌నే అనుమానించాలి. ఒక సీసా ల్యాబ్ కౌంటర్ మీద గంటసేపు ఉండిపోతే ఈ లెక్కకు అర్థమే ఉండదు.

నాలుగో అడుగు: ల్యాబ్‌కు చేర్చడం, స్వీకరించడం

సీసాను గది ఉష్ణోగ్రతలోనే ఉంచి 2 గంటల్లోపు ల్యాబ్‌కు పంపాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. రాత్రి డ్యూటీలో తీసిన సీసాను పొద్దున పంపుదామని ఫ్రిజ్‌లో దాచడం ఇంకా కొన్ని వార్డుల్లో కనిపిస్తుంది. చలికి తట్టుకోలేని మెనింజోకాకస్, హీమోఫిలస్ వంటివి అక్కడే చనిపోతాయి. ఆలస్యంగా వచ్చిన సీసాను యంత్రంలో పెట్టేముందు సెన్సర్ రంగు చూడాలి. వార్డు వేడిలోనే బ్యాక్టీరియా బాగా పెరిగిపోయి ఉంటే యంత్రం ఆ తరువాతి పెరుగుదలను గుర్తించలేక నెగెటివ్ అని చెప్పవచ్చు. అనుమానం ఉన్న సీసాకు నేరుగా గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకు రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) చేయడమే క్షేమం.

ఎంత రక్తం వచ్చిందో సీసాను చూసి అంచనా కట్టవద్దు. ఒక లాట్‌లోని కొన్ని ఖాళీ సీసాల సగటు బరువును ముందే తూచి రాసిపెట్టుకుని, వచ్చిన ప్రతి సీసానూ ల్యాబ్ తక్కెడ మీద తూచండి. ఒక మి.లీ. రక్తం దాదాపు 1.06 గ్రాములు ఉంటుంది. సీసా అర గ్రాము మాత్రమే పెరిగిందంటే అందులో అర మి.లీ. కూడా లేదని అర్థం. ఆ సీసాను తిరస్కరించకూడదు, ఆ బిడ్డకు అదే ఏకైక ఆధారం కావచ్చు. దాన్ని యంత్రంలో పెట్టి, రిపోర్టులో పరిమాణం రాసి, వీలైతే మరో నమూనా పంపమని వార్డుకు చెప్పాలి. తిరస్కరించాల్సింది పేరు లేని, పగిలిన, కారుతున్న సీసాలనే.

ఐదో అడుగు: ఇంక్యుబేషన్

బ్యాక్టీరియా పెరిగేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ వల్ల సీసా అడుగున ఉన్న సెన్సర్ మారుతుంది. ఒక రకం యంత్రం దాన్ని ఫ్లోరసెన్స్‌గా, మరో రకం రంగు మార్పుగా చదువుతుంది. 35 నుంచి 37 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచడం ప్రామాణికం. అయితే పిల్లల్లో నిజమైన వ్యాధికారకాలు అత్యధికంగా 36 గంటల్లోపే బయటపడతాయి. 24, 48 గంటల మధ్యంతర రిపోర్టులను వార్డుకు పంపడం వల్ల అక్కర్లేని యాంటీబయాటిక్‌ను తొందరగా ఆపే వీలు వైద్యుడికి కలుగుతుంది.

యంత్రం లేని ల్యాబులు మన దగ్గర ఇంకా ఉన్నాయి, అక్కడా మంచి కల్చర్ చేయవచ్చు. ఎస్‌పీఎస్ కలిపిన బ్రెయిన్ హార్ట్ ఇన్ఫ్యూజన్ బ్రాత్ అనే పోషక ద్రవంలో ఒక వంతు రక్తానికి 5 నుంచి 10 వంతులు బ్రాత్ ఉండేలా చూసుకోవాలి. పిల్లలకు 20 మి.లీ. బ్రాత్‌లో 2 మి.లీ. రక్తం బాగా సరిపోతుంది. రోజూ రెండుసార్లు సీసాను కదపకుండా వెలుగుకు ఎదురుగా పెట్టి చూడండి. పైనున్న ద్రవం మసకబారడం, రక్తకణాల పొర మీద చిన్న చిన్న దూదిపింజల్లాంటి కాలనీలు, బుడగలు, ఎర్రగా కరిగిపోయిన రక్తం కనిపిస్తే పాజిటివ్‌గా అనుమానించాలి. ఏమీ కనిపించకపోయినా మొదటి 24 గంటల్లోపు, 48 గంటలకు, చివరగా 7వ రోజున తప్పనిసరిగా సబ్‌కల్చర్ (సీసాలోంచి కొద్దిగా తీసి ప్లేట్ మీద పెంచి చూడటం) చేయాలి. హీమోఫిలస్ లాంటివి బ్రాత్‌ను పెద్దగా మసకబార్చకుండానే పెరుగుతాయి.

టైఫాయిడ్ కోసమని పిత్తరసం కలిపిన బైల్ బ్రాత్‌ను మాత్రమే వాడే అలవాటు కొన్నిచోట్ల ఉంది. టైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లాకు అది అనుకూలమే. కానీ పిత్తరసం న్యూమోకాకస్‌ను కరిగించేస్తుంది. జ్వరంతో వచ్చిన రెండేళ్ల బిడ్డకు బైల్ బ్రాత్ ఒక్కటే పెట్టి నెగెటివ్ అని రాయడం ప్రమాదకరం. అది రెండో సీసాగానే ఉండాలి.

ఆరో అడుగు: సీసా పాజిటివ్ అయినప్పుడు

ఇక్కడి నుంచి ప్రతి గంటకూ విలువ ఉంటుంది. యంత్రం మోగిన గంటలోపు గ్రామ్ స్టెయిన్ ఫలితం వార్డుకు చేరాలి, రాత్రివేళ కూడా.

సీసాను బయోసేఫ్టీ క్యాబినెట్‌లోకి తీసుకెళ్లి, రబ్బరును స్పిరిట్‌తో తుడిచి, తలకిందులు చేసి కలిపి, సిరంజితో కొద్దిగా తీసుకోండి. రెసిన్ పూసలు అడుగుకు దిగేందుకు కాస్త సమయమిచ్చి, స్లైడు మీద పలుచగా ఒక చుక్కను పరచండి. మందంగా వేసిన స్మియర్‌లో ఎర్రకణాల మధ్య బ్యాక్టీరియా దాగిపోతుంది. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం, డీకలరైజర్ కొన్ని సెకన్లు, సాఫ్రనిన్ 30 నుంచి 60 సెకన్లు. చదివేటప్పుడు ఆయిల్ ఇమ్మర్షన్ కింద కనీసం ఇరవై ఫీల్డులు చూడాలి.

మన దేశంలోని నవజాత శిశు విభాగాల్లో ఒక పొరపాటుకు ఎక్కువ అవకాశం ఉంది. 2011 నుంచి 2014 వరకు ఢిల్లీలోని మూడు ఆసుపత్రుల్లో సాగిన డెనిస్ అధ్యయనంలో కల్చర్‌తో నిర్ధారించిన సెప్సిస్ కేసుల్లో మొదటి స్థానం 22 శాతంతో అసినెటోబ్యాక్టర్‌ది. ఆ తరువాత 17 శాతంతో క్లెబ్సియెల్లా, 14 శాతంతో ఇ.కొలై ఉన్నాయి. పాశ్చాత్య దేశాల పాఠ్యపుస్తకాల్లో ముందు కనిపించే గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ ఇక్కడ వెనకబడే ఉంటుంది. అసినెటోబ్యాక్టర్ నిజానికి గులాబీ రంగులో కనిపించాల్సిన గ్రామ్ నెగెటివ్ అయినా, పొట్టిగా గుండ్రంగా ఉండి ఊదా రంగును పట్టి ఉంచుతుంది కాబట్టి జంటగా ఉన్న గ్రామ్ పాజిటివ్ కాకైలా (ఊదా రంగు పట్టే గుండ్రటి బ్యాక్టీరియాలా) మోసం చేస్తుంది. వైద్యుడు ఆ మాట నమ్మి గ్రామ్ పాజిటివ్‌ల మీదే పనిచేసే వాంకోమైసిన్ మొదలుపెడితే బిడ్డకు పనికొచ్చే మందు పడదు. కణాలు కొన్ని ఊదాగా, కొన్ని గులాబీగా కనిపిస్తే గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగెటివ్ అని ముందే తెలిసిన బ్యాక్టీరియాను నియంత్రణలుగా పక్కనే వేసి రెండో స్మియర్ చేయాలి.

ఫలితం ఫోన్‌లో చెప్పేటప్పుడు ఏం చూశారో అదే చెప్పాలి, ఊహించినది కాదు. ఉదాహరణకు: "మేడమ్, మైక్రోబయాలజీ ల్యాబ్ నుంచి మాట్లాడుతున్నాను. ఎన్‌ఐసీయూలో నాలుగో వార్మర్ మీద ఉన్న బేబీ బ్లడ్ కల్చర్ పద్నాలుగు గంటలకు పాజిటివ్ అయింది. గ్రామ్ నెగెటివ్ బ్యాసిలై ఉన్నాయి. సీసాలో రక్తం ఒకటిన్నర మి.లీ. ఉంది. దయచేసి ఒకసారి తిరిగి చెప్పండి." అవతలివారు తిరిగి చదివి వినిపించాక వారి పేరు, సమయం రిజిస్టర్‌లో రాయాలి.

స్మియర్‌లో ఏమీ కనిపించకపోతే యంత్రం తప్పు చెప్పిందని వెంటనే అనుకోవద్దు. లుకేమియా ఉన్న పిల్లల్లో తెల్లకణాలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌కూ, పరిమితికి మించి నింపిన సీసాకూ యంత్రం మోగే మాట నిజమే. అయినా అక్రిడిన్ ఆరెంజ్ స్టెయిన్‌తో మరోసారి చూసి, సబ్‌కల్చర్ చేసి, సీసాను తిరిగి యంత్రంలో పెట్టాలి.

సబ్‌కల్చర్‌కు గొర్రె రక్తపు బ్లడ్ అగార్, చాక్లెట్ అగార్, మెకాంకీ అగార్ అనే, బ్యాక్టీరియాను పెంచే మూడు రకాల జెల్లీ ప్లేట్లు ఉండాలి. మొదటి రెండింటినీ 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచాలి. పిల్లల కల్చర్‌లో చాక్లెట్ అగార్‌ను ఖర్చు తగ్గించడానికి వదిలేయకూడదు, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజేకు కావలసిన ఎక్స్, వీ కారకాలనే పోషకాలు రెండూ అందులోనే దొరుకుతాయి. స్మియర్‌లో ఈస్ట్ కణాలు కనిపిస్తే సాబొరాడ్ అగార్ కలపాలి. సిరలోకి కొవ్వు ద్రావణం ఎక్కుతున్న నెలలు నిండని శిశువు స్మియర్‌లో చిన్న ఈస్ట్‌లు ఉండి ప్లేట్ మీద ఏమీ పెరగకపోతే కొవ్వు మీద బతికే మలసీజియా అనే ఈస్ట్ గుర్తుకు రావాలి. ప్లేట్ మీద స్టెరైల్ ఆలివ్ నూనె పరిస్తే గానీ అది పెరగదు.

స్మియర్‌లో జంట కాకైలు స్పష్టంగా కనిపించి సబ్‌కల్చర్ ఖాళీగా వస్తే న్యూమోకాకస్ కావచ్చు. అది తనను తానే కరిగించుకుంటుంది. పాజిటివ్ సీసాను సాయంత్రం దాకా అలా వదిలేసిన చోట ఇది తరచూ జరుగుతుంది. సన్నని గ్రామ్ నెగెటివ్ కాకోబ్యాసిలై (పొట్టి కడ్డీల్లాంటి బ్యాక్టీరియా) నిదానంగా, రెండు మూడు రోజుల తరువాత చిన్న కాలనీలుగా పెరుగుతుంటే బ్రూసెల్లా అనుమానించి, ప్లేట్లను క్యాబినెట్‌లోనే తెరవాలి, ఎట్టి పరిస్థితిలోనూ వాసన చూడకూడదు. గొర్రెలు, మేకలు పెంచే కుటుంబం నుంచి వచ్చిన బిడ్డ అయితే ఆ సమాచారం రిక్విజిషన్ ఫారంలోనే ఉండేలా వార్డుకు నేర్పాలి.

ఏడో అడుగు: పేరు తేల్చడం, మందు తేల్చడం

ప్రోటీన్ల బరువును బట్టి బ్యాక్టీరియాను గుర్తించే మాల్డీ టోఫ్ యంత్రం ఉన్నచోట కాలనీ నుంచి జాతి పేరు నిమిషాల్లో తెలుస్తుంది. చాక్లెట్ అగార్ మీద 4 నుంచి 6 గంటల్లో వచ్చే లేత పెరుగుదలతో కూడా ప్రయత్నించవచ్చు. అది లేనిచోట కొయాగ్యులేజ్, కాటలేజ్, ఆక్సిడేజ్, ఆప్టోకిన్, బైల్ సొల్యుబిలిటీ, ట్రిపుల్ షుగర్ ఐరన్ వంటి పాత పరీక్షలే ఆధారం. వాటిని రోజువారీ నియంత్రణ స్ట్రెయిన్లతో సరిచూసుకుంటే నమ్మదగిన ఫలితమే ఇస్తాయి.

పాజిటివ్ సీసా నుంచే గంటలో ఫలితమిచ్చే, ఒకేసారి అనేక జన్యువులను వెతికే మల్టిప్లెక్స్ పీసీఆర్ ప్యానెళ్లు బ్యాక్టీరియా పేరుతో పాటు మెక్ఏ, సీటీఎక్స్-ఎం, ఎన్‌డీఎం, ఆక్సా-48 వంటి నిరోధక జన్యువులనూ చూపిస్తాయి. ఖరీదు ఎక్కువ కాబట్టి ప్రతి సీసాకూ కాకుండా, పరిస్థితి విషమంగా ఉన్న బిడ్డలకు కేటాయించడం న్యాయమని నా అభిప్రాయం. జన్యువు కనిపించలేదంటే నిరోధకత లేదని అర్థం కాదు. ప్యానెల్‌లో లేని కారణాలూ ఉంటాయి, అందుకే కల్చర్, మందుల పరీక్ష కొనసాగాల్సిందే.

అందరికీ అందుబాటులో ఉన్న వేగవంతమైన మార్గం మరొకటి ఉంది. యాంటీబయాటిక్ పరీక్షల ప్రమాణాలు నిర్ణయించే యూరప్ సంస్థ యూకాస్ట్ రూపొందించిన పద్ధతిలో పాజిటివ్ సీసాలోని బ్రాత్‌ను 125 మైక్రోలీటర్లు నేరుగా ముల్లర్ హింటన్ అగార్ మీద పరచి, యాంటీబయాటిక్ డిస్కులు పెట్టి, 4, 6, 8 గంటలకు చదువుతారు. మైక్రోపిపెట్, స్కేలు ఉంటే చాలు. అయితే బ్యాక్టీరియా జాతి తెలిశాకే, ఆ గంటకూ ఆ జాతికీ ప్రత్యేకంగా ఇచ్చిన కొలతలతోనే డిస్కుల చుట్టూ బ్యాక్టీరియా పెరగని జోన్లను పోల్చాలి. మామూలు డిస్క్ పరీక్ష పట్టికతో పోలిస్తే తప్పు ఫలితం వస్తుంది. సాధారణ పద్ధతిలో కాలనీల నుంచి 0.5 మెక్‌ఫార్లాండ్ (మసకను కొలిచే ప్రమాణం) సస్పెన్షన్ చేసి, 15 నిమిషాల్లోపు ప్లేట్ మీద పరిచి, 16 నుంచి 18 గంటల తరువాత చదవాలి.

కొన్ని మందుల విషయంలో పట్టింపు తప్పదు. కొలిస్టిన్‌కు డిస్క్ పరీక్ష నమ్మదగినది కాదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందును వేర్వేరు గాఢతల్లో కలిపిన ద్రవంలో బ్యాక్టీరియాను పెంచి చూడటం) చేయాలి. సాల్మొనెల్లాకు జెంటామైసిన్, అమికాసిన్, మొదటి రెండు తరాల సెఫలోస్పోరిన్లు ప్లేట్ మీద పనిచేసినట్లు కనిపించినా శరీరంలో పనిచేయవు కాబట్టి పనిచేస్తాయని రిపోర్టు రాయకూడదు. టైఫాయిడ్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. రక్తంలోని యాంటీబాడీలను కొలిచే విడాల్ పరీక్షను ఒక్కసారి చేసి, దాని ఆధారంగా పిల్లలకు టైఫాయిడ్ అని తేల్చడం మన ఊళ్లలో నేటికీ సాగుతోంది. పాత ఇన్ఫెక్షన్, ఇతర జ్వరాలు కూడా ఆ టైటర్‌ను (యాంటీబాడీల స్థాయిని) పెంచుతాయి. బ్లడ్ కల్చర్ కూడా టైఫాయిడ్ కేసుల్లో దాదాపు 60 శాతాన్నే పట్టుకుంటుంది, అదీ మొదటి వారంలో, చాలినంత రక్తంతో, యాంటీబయాటిక్‌కు ముందు తీస్తేనే. అయినా ఏ మందు పనిచేస్తుందో చెప్పేది అదొక్కటే.

ఎనిమిదో అడుగు: కలుషితమా, నిజమైన ఇన్ఫెక్షనా

స్టాఫిలోకాకస్ ఆరియస్, న్యూమోకాకస్, గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, ఇ.కొలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, కాండిడా ఒక్క సీసాలో పెరిగినా నిజమైనవిగానే చూడాలి. కాండిడాను కలుషితమని తోసిపుచ్చడం క్షమించరాని తప్పు. చర్మం మీద ఉండే కొరినెబాక్టీరియం, క్యూటిబ్యాక్టీరియం, బాసిల్లస్ జాతులు చాలావరకు కలుషితాలే.

చిక్కంతా కొయాగ్యులేజ్ నెగెటివ్ స్టాఫిలోకాకస్ దగ్గరే వస్తుంది. బయటి నుంచి వచ్చిన ఆరోగ్యవంతుడైన బిడ్డలో అది దాదాపు ఎప్పుడూ చర్మం నుంచి వచ్చినదే. కిలో బరువుతో, సెంట్రల్ లైన్‌తో మూడు వారాలుగా ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉన్న శిశువులో అదే నిజమైన శత్రువు కావచ్చు. రెండు చోట్ల నుంచి తీసిన సీసాల్లో ఒకే జాతి, ఒకే మందుల నమూనాతో పెరిగిందా, 24 గంటల్లోపు పాజిటివ్ అయిందా, లైన్ ఉందా, బిడ్డ పరిస్థితి ఎలా ఉంది అనేవి కలిపి చూడాలి. ఒక్కటే సీసా ఉంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. వీలున్నప్పుడల్లా రెండు చోట్ల నుంచి తీయమనేది ఇందుకే. ల్యాబ్‌లో కూర్చుని ఒంటరిగా నిర్ణయించకుండా వార్డు వైద్యుడితో మాట్లాడి రాయాలి.

సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్, ఐటీ రేషియో (అపరిపక్వ తెల్లకణాల నిష్పత్తి), మైక్రో ఈఎస్‌ఆర్ వంటి రక్తంలో ఇన్ఫెక్షన్‌ను సూచించే పరీక్షలు ఈ నిర్ణయానికి తోడ్పడతాయి గానీ కల్చర్ స్థానాన్ని తీసుకోలేవు. ఇన్ఫెక్షన్ మొదలయ్యాక సీఆర్‌పీ పెరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది, కాబట్టి తొలిగంటల్లో మామూలుగా ఉందని ధైర్యపడరాదు. పుట్టిన మొదటి రెండు రోజుల్లో ప్రోకాల్సిటోనిన్ ఇన్ఫెక్షన్ లేకపోయినా సహజంగానే పెరుగుతుంది. నవజాత శిశువులో కల్చర్ పాజిటివ్ వస్తే మెదడు పొరలకూ ఇన్ఫెక్షన్ చేరిందేమో చూడటానికి వెన్ను నీరు పరీక్ష గురించి వైద్యుడికి గుర్తుచేయడం ల్యాబ్ బాధ్యతలో భాగమే.

తొమ్మిదో అడుగు: రిపోర్టు, నెలవారీ లెక్క

నెగెటివ్ రిపోర్టును "పెరుగుదల లేదు" అన్న రెండు మాటలతో ముగించకూడదు. "5 రోజుల ఇంక్యుబేషన్ తరువాత పెరుగుదల లేదు. అందిన రక్తం 0.4 మి.లీ., బిడ్డ బరువుకు సూచించిన పరిమాణం కంటే తక్కువ, నమూనా తీసేనాటికి యాంటీబయాటిక్ మొదలైంది" అని రాస్తే, ఆ నెగెటివ్‌ను ఎంతవరకు నమ్మాలో వైద్యుడికి తెలుస్తుంది. పాజిటివ్ రిపోర్టులో ఎన్ని సీసాల్లో ఎన్నింటిలో పెరిగింది, ఎన్ని గంటలకు పెరిగింది అన్నవి తప్పక ఉండాలి.

ప్రతి నెలా వార్డువారీగా కలుషితమైన కల్చర్ల సంఖ్యను మొత్తం కల్చర్లతో భాగించి శాతం తీయండి. అది 3 శాతం దాటకూడదు, ఒక శాతానికి దించడం లక్ష్యంగా ఉండాలి. దానితో పాటు తక్కువ రక్తం వచ్చిన సీసాల శాతం, తీసినప్పటి నుంచి యంత్రంలో పెట్టేదాకా పట్టిన సమయం, పాజిటివ్ అయినప్పటి నుంచి ఫోన్ చేసేదాకా పట్టిన సమయం కూడా లెక్కించండి. ఈ అంకెలను వార్డు గోడ మీద అతికించి నిందించే బదులు, సిస్టర్లతో కూర్చుని ఏ డ్యూటీలో ఎక్కువ జరుగుతోందో చూసి, చర్మం శుభ్రం చేసే పద్ధతిని చేసి చూపించడం వల్ల మార్పు వస్తుంది.

ఒకే ఎన్‌ఐసీయూలో ఒకే వారంలో ఇద్దరు ముగ్గురు శిశువుల సీసాల్లో ఒకే మందుల నమూనా ఉన్న క్లెబ్సియెల్లా లేదా అసినెటోబ్యాక్టర్ పెరిగితే నెలాఖరు లెక్క కోసం ఆగవద్దు. ఆ రోజే ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు చెప్పి, సింకులు, సక్షన్ గొట్టాలు, పలుమార్లు వాడే మందు సీసాలు, సెలైన్ బాటిళ్ల నుంచి నమూనాలు తెప్పించుకుని, శిశువుల నుంచి వచ్చిన ఐసోలేట్లన్నింటినీ (కల్చర్‌లో వేరుచేసిన బ్యాక్టీరియాను) గ్లిసరాల్ కలిపిన బ్రాత్‌లో మైనస్ 70 డిగ్రీల దగ్గర భద్రపరచండి. వాటిని పారేస్తే ఇన్ఫెక్షన్ ఎక్కడి నుంచి వ్యాపించిందో తరువాత పోల్చి చూడటానికి ఏమీ మిగలదు.